గాంగ్లియోసైడ్ అంటే ఏమిటి, బాబాయ్

కొత్తగూడ, హైదరాబాద్
12 జూన్ 2023

బాబాయికి,

వాసంతి నమస్కారాలు. నీ గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఫోన్ చేస్తే నీ ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. వాట్సాప్‌లో రాసుకోవచ్చు కదా అంటాడు హేమంత్. ఇది అలా నాలుగు ముక్కల్లో రాసేది కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు నీకు రాసినట్టే కాగితం మీద రాస్తున్నాను.

పాప సంగతి. రసజ్ఞ ఆరో నెల దాకా బాగానే ఉంది. బోర్లా పడింది, మనిషిని చూసి నవ్వింది. తర్వాత వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. ఇప్పుడు మెడ నిలపడం లేదు. బొమ్మ చూపిస్తే దానివైపు చూడటం లేదు. చప్పుడైతే మాత్రం రెండు చేతులూ విదిల్చి ఉలిక్కిపడుతుంది. కుక్కర్ కూతకి, లిఫ్టు తలుపుకి, కింద ఫ్లైఓవర్ మీద హారన్‌కి. మా పనిమనిషి ఈరమ్మే ముందు గమనించింది. "ఏందమ్మా, బిడ్డ గిట్ల ఉలికిపడుతది? దవాఖానల జర చూపియ్యి" అంది. మేము నవ్వాం. ఇప్పుడు తలుపుల అంచులకి పాత తువ్వాళ్లు చుట్టి ఉంచుతున్నాం.

కళ్ల డాక్టరు కంటి లోపల ఎర్రటి చుక్క ఉందని చెప్పి పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పంపింది. రక్తం పరీక్షకి పంపారు. నిన్న రిపోర్టు వచ్చింది. నరాల డాక్టరు చాలాసేపు ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసు మీటింగులో ఊపినట్టు నేను తల ఊపుతూనే ఉన్నాను. పార్కింగులోకి వచ్చాక హేమంత్ "ఏం చెప్పింది?" అని నన్ను అడిగాడు. నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. మా ఇద్దరికీ గుర్తున్నది ఒక్క మాటే, గాంగ్లియోసైడ్. దానికి మందు లేదని, రెండు మూడేళ్లకి మించదని కూడా చెప్పింది. అది మాకు అర్థమైంది. మిగతాది కాలేదు.

మా అత్తయ్య జయమ్మగారు పాప పుట్టినప్పటి నుంచి ఆదోని నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. "ఏం జబ్బంటమ్మా?" అని గుమ్మంలోనే అడిగింది. నరాల బలహీనత అన్నాను. ఎన్నాళ్లని అలా అంటాను?

నువ్వు కాలేజీలో రసాయనశాస్త్రం తెలుగులో చెప్పినవాడివి, పదకోశానికి మాటలు కూర్చినవాడివి. ఈ మాటకి అర్థం ఏమిటో, దాన్ని వాక్యంలో ఎలా వాడాలో చెప్పు. అత్తయ్యకి నేనే చెప్పాలి.

నీ
వాసంతి


కాకినాడ
20 జూన్ 2023

తల్లీ వాసంతీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఓదార్చడం నాకు చేతకాదు. నువ్వు అడిగింది చెబుతాను.

గాంగ్లియాన్ అంటే గ్రీకులో ముడి. శరీరంలో నరాల కణాలు గుంపుగా చేరిన చోటుని అలా అంటారు. నరకణం పై పొరలో ఉండే ఒక రకం కొవ్వుకి చక్కెర తుంపులు అతుక్కుని ఉంటాయి. దాని పేరే గాంగ్లియోసైడ్. అది జబ్బు కాదు. నీ తలలోనూ నా తలలోనూ ఉంది. కణం కణంతో మాట్లాడుకోవడానికి అది కావాలి. పాతబడ్డదాన్ని శరీరం రోజూ ముక్కలు చేసి పారేస్తుంది. ఆ ముక్కలు చేసే ఎంజైము పాపకి పుట్టుకతోనే లేదు. అందువల్ల అది పోకుండా నరకణాల్లో పేరుకుంటోంది. జబ్బు అంటే ఆ పేరుకోవడం.

తెలుగు మాట కావాలన్నావు. నరాల కొవ్వు అని చెప్పు. ఆవిడకి తేలిగ్గా అర్థమవుతుంది.

పాప ఉలిక్కిపడటం గురించి ఇంకొంచెం రాయి. చేతులు ఎలా విదిలిస్తుంది? చప్పుడు ఆగాక ఏడుస్తుందా, ఊరుకుంటుందా?

ఈ సంగతి మీ పిన్నికి నేనింకా చెప్పలేదు. నువ్వూ ఆవిడకి విడిగా రాయకు.

బాబాయి
యజ్ఞనారాయణ


కొత్తగూడ
30 జూలై 2023

బాబాయ్,

ఆలస్యమైంది. పాపకి గొంతులో పాలు అడ్డుపడి దగ్గొచ్చి, ఒక వారం ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు ఇంటికి వచ్చాం.

నువ్వు చెప్పినట్టే అత్తయ్యకి చెప్పాను. మెదడులో నరాల కొవ్వు పేరుకుంటోందని. ఆవిడ వంటింట్లోకి వెళ్లి నెయ్యి డబ్బా తీసి ఈరమ్మకి ఇచ్చేసింది. నేను గమనించలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పనిలో ఉండి, పాపకి తిండి ఆవిడే పెడుతోందిగదా అనుకున్నాను. పాపకి నెయ్యి మానేసింది, పాలల్లో సగం నీళ్లు పోసింది, మెత్తటి పప్పన్నం బదులు రాగి జావ నీళ్లలా చేసి పట్టించింది. ఆసుపత్రిలో తూకం చూసి డాక్టరు నన్ను అడిగింది, పిల్లకి ఏం పెడుతున్నారని.

ఇంటికొచ్చి నేను అరిచాను. "కొవ్వు పెరిగిందని నువ్వే చెప్తివి కదమ్మా" అంది. ఆవిడ ఏడుపు అది కాదు. నా నెలలు నిండేటప్పుడు రోజూ సున్నుండలు చేసి పెట్టింది. నెయ్యి ఓడేలా. "నేను పెట్టిన నెయ్యే పాప తలకాయలోకి పోయింటాది" అంటుంది. కాదని ఎంత చెప్పినా వినదు.

నువ్వడిగావు కదా. చేతులు రెండూ బార్లా చాచి, వేళ్లు విప్పి, పడిపోతున్నదాన్ని ఎవరో పట్టుకోవాలన్నట్టు చేస్తుంది. ఏడవదు. కళ్లు మాత్రం అలాగే పెద్దవిగా ఉండిపోతాయి. ఎందుకు అడిగావు?

వాసంతి


కాకినాడ
8 ఆగస్టు 2023

వాసంతీ,

కొవ్వు అన్న మాట వాడటం నాది తెలివితక్కువతనం. కాగితం మీద బాగుంది, వంటింట్లో పనికిరాలేదు. జయమ్మగారికి గట్టిగా చెప్పు. ఇది తినే కొవ్వు కాదు, తిండితో పెరగదు, తిండి మానేస్తే తగ్గదు. పాపకి నెయ్యి వెయ్యండి, చిక్కటి పాలు ఇవ్వండి. సున్నుండల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక తెలుగు చెయ్యను. అసలు మాటనే వాడుదాం. విడి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను, ఆవిడ తనే చదువుకునేలా:

మనందరి మెదడులోనూ గాంగ్లియోసైడ్ ఉంటుంది. రోజూ కొంత బయటికి పోతుంది. పాప మెదడులోంచి అది పోవడం లేదు, పేరుకుంటోంది. ఇందులో పెంచినవాళ్ల తప్పు ఏమీ లేదు.

దాన్ని గోడకి అంటించు.

ఎందుకు అడిగానంటే, తెలుసుకుందామని.

బాబాయి


కొత్తగూడ
15 అక్టోబర్ 2023

బాబాయ్,

ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. అత్తయ్య రోజూ చదివేది. నెయ్యి మళ్లీ మొదలుపెట్టింది. ఒక నెల బాగానే గడిచింది. తర్వాత మావయ్య వచ్చాడు.

మావయ్య గోవిందప్పగారిని నువ్వు మా పెళ్లిలో చూశావు. ఆదోనిలో పత్తి చేను ఉంది, ఊళ్లో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. దుకాణం బోర్డు మీద 'గోవిందప్ప పెస్టిసైడ్స్' అని ఉంటుంది. హేమంత్ చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ డబ్బాల మధ్యే గోనెసంచి మీద పడుకునేవాడట. ఆ సంగతి మాకెప్పుడూ ముచ్చటగానే చెప్పేవాడు మావయ్య.

మంచినీళ్లకి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి ఆ కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. "ఇదేంది, గాంగ్లియోసైడ్?" అన్నాడు. పాప జబ్బు పేరు అన్నాను.

"మా దుకాణంలో ఉండేవన్నీ సైడ్‌లే కదమ్మా. ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, పెస్టిసైడ్. మందు కొట్టేవాళ్ల ఒంట్లో పేరుకుంటాదని కంపెనీ వాళ్లే చెప్తారు. అందరి మెదడులో ఉంటాదని మీ చిన్నాయన రాసినాడు. తినే అన్నంలో అదే కదా."

అది వేరు మావయ్యా అన్నాను. ఎలా వేరో నాకు చెప్పడం రాలేదు. హేమంత్ కూడా మొదట్లో, సైడ్ అంటే చంపేదేగా అనుకున్నాడట. ఆ మాట అక్కడే పైకి అన్నాడు. ఇంకేం కావాలి.

మావయ్య అప్పటిదాకా పాపని ఒళ్లో వేసుకుని ఉన్నాడు. లేచి అత్తయ్యకి ఇచ్చేశాడు. "ఈ చేతులతో యాభై ఏండ్లు మందు కలిపినా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మియాపూర్ వెళ్లి బస్సెక్కి ఆదోని వెళ్లిపోయాడు. మళ్లీ ఒకసారి వచ్చాడు గాని గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కణ్ణుంచే చూసి వెళ్లాడు. అత్తయ్య ఆయనతో ఫోన్లో మాట్లాడటం మానేసింది. "నా కొడుకును ఆ డబ్బాల్లో పండుకోబెట్టినాడు" అంటుంది.

నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

వాసంతి


కాకినాడ
24 అక్టోబర్ 2023

వాసంతీ,

ఇది ఇలా జరగవచ్చని నాకు తట్టనే లేదు. ఇంగ్లీషులో పురుగుమందు మాట చివరి సైడ్‌ని 'సి'తో రాస్తారు. అది చంపడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. మన మాట చివరి సైడ్‌ని 'ఎస్'తో రాస్తారు. అది చక్కెర కలిసిన పదార్థాలన్నింటికీ పెట్టే తోక. మనం తెలుగులో రాసేసరికి రెండూ ఒకే అక్షరాలైపోయాయి. ఒకటి విషం, ఒకటి తీపి. రెండూ సైడ్‌లే.

గోవిందప్పగారికి విడిగా ఉత్తరం జత చేస్తున్నాను. పంపించు. అందులో ముఖ్యంగా ఈ సంగతి రాశాను. ఈ లోపం పురుగుమందుతోనో, తిండితోనో వచ్చేది కాదు. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు పాడైన జన్యువులు కలిస్తేనే వస్తుంది. ఒక్కటే ఉన్నవాళ్లకి ఏమీ కాదు. ఉందని కూడా తెలియకుండా నూరేళ్లు బతుకుతారు. రెండూ కలవడం ఎవరి చేతిలోనూ లేదు.

బాబాయి


కొత్తగూడ
17 డిసెంబర్ 2023

బాబాయ్,

నీ ఉత్తరం మావయ్యకి చేరింది. "పెద్దాయన మా మంచికోసం రాసినాడు. చదువుకున్నోళ్లు ఏదైనా మెత్తగా చెప్తారు" అని హేమంత్‌తో అన్నాడట. దుకాణం సగం రోజులు తెరవడం లేదు.

ఇక్కడ ఇంకొకటి తయారైంది. ఇద్దరి వైపు నుంచీ వస్తుందని రాశావు కదా. అత్తయ్య అది పట్టుకుంది. "మా దాంట్లో ఎవరికీ లేదు. మా అత్తగారి కాలం నుంచి నాకు అందరూ తెల్సు. మీ దాంట్లో ఎవరికన్నా ఉండిందేమో అడుగు" అంది. మావాళ్లలో ఇలాంటిది ఎప్పుడూ వినలేదని నేను ఖచ్చితంగా చెప్పాను. నాన్న ఉంటే నాన్నని అడిగేదాన్ని. మన ఇంట్లో ఎవరికీ లేదు కదా? ఒక్క మాట రాయి, ఆవిడకి చూపిస్తాను.

పాపకి మూర్ఛలు మొదలయ్యాయి. మందులు వేస్తే రోజంతా పడుకునే ఉంటుంది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నాం. నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. కెమెరా ఆపి, మైకు ఆపి, ఒక చేత్తో సిరంజి పట్టుకుంటాను.

ఒకటి చెప్పనా, కోపం తెచ్చుకోకు. నువ్వు రాసిన ప్రతి మాటా మా ఇంట్లో ఎవరో ఒకరికి గుచ్చుకుంది. కొవ్వు అంటే అత్తయ్యకి, సైడ్ అంటే మావయ్యకి, జన్యువు అంటే నాకు. ఆ ఒక్క మాట రాశాక ఇంక అర్థాలు చెప్పకు. నాకు అర్థాలు వద్దు.

వాసంతి


కాకినాడ
11 ఫిబ్రవరి 2024

వాసంతీ,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఇన్నాళ్లు కూర్చున్నాను. మన ఇంట్లో ఎవరికీ లేదని రాయమన్నావు. రాయలేకపోయాను.

నిన్న మీ పిన్ని రాజరాజేశ్వరి నా బల్ల సర్దుతూ నీ ఉత్తరాలన్నీ చదివింది. చదివి వంటింట్లో నేల మీద కూర్చుంది. నేను వెళ్లేసరికి "ఏవండీ, వాసంతికి చెప్పరా?" అంది. చెప్తాను అని పలక మీద రాసి చూపించాను. "మీరు రాయండి, నేను చెప్తాను" అంది. ఇకనుంచి ఆవిడ మాటలే.

"వాసంతీ, మాకు ఒక అబ్బాయి పుట్టాడమ్మా. నువ్వు పుట్టడానికి చాలా ముందు. బాలు అని పిలుచుకున్నాం. మీ బాబాయి అప్పుడు తునిలో కాలేజీలో చేసేవారు. ఆరో నెల దాకా బొద్దుగా ఉన్నాడు. తర్వాత పక్కింట్లో బిందె పడ్డా ఉలిక్కిపడేవాడు. నువ్వు రాసినట్టే. చేతులు బార్లా చాచి, వేళ్లు విప్పి. మెడ వాలిపోయింది. కాకినాడ తీసుకొచ్చి కళ్ల డాక్టరుకి చూపిస్తే లోపల ఎర్రచుక్క ఉందన్నాడు. దాని పేరేమిటో ఆయన చెప్పలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

బాలు కడుపులో ఉండగా నేను నూతి దగ్గర కాలుజారి పడ్డాను. ఏడో నెల. అందుకే పిల్లాడు అలా అయ్యాడన్నారు అందరూ. మా అత్తగారు అన్నారు, మా అమ్మ కూడా అంది. మీ బాబాయి అనలేదు. కానీ నేను అనుకున్నాను. ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత పిల్లలు వద్దనుకున్నాం. ఇంట్లో వాడి పేరు ఎత్తడం మానేశారు. నాకు బాధ కలుగుతుందని. మీ నాన్న కూడా నీకు అందుకే చెప్పలేదు."

ఇక్కడ ఆగింది. ఇంతకీ ఈ గాంగ్లియోసైడ్ అన్న మాట ఎప్పటిదండీ అని అడిగింది. ఎనభై ఏళ్లు దాటిందని రాసి చూపించాను. జర్మనీలో ఒక శాస్త్రవేత్త, ఈ జబ్బుతో పోయిన పసివాళ్ల మెదడు పరీక్షించి, అందులో పేరుకున్న పదార్థానికి ఆ పేరు పెట్టాడు.

"అంటే బాలు పుట్టేటప్పటికే ఈ మాట ఉందా?"

ఉందని తల ఊపాను.

"మరి మనకి ఎవరూ చెప్పలేదేం?"

పలక తుడిచి కింద పెట్టేశాను.

మీ పిన్ని మా మేనమామ కూతురు. మా అమ్మ పుట్టింటి నుంచి నాకూ, ఆవిడకీ, మా అన్నయ్యకీ ఆ జన్యువు వచ్చి ఉండాలి. అన్నయ్య నుంచి నీకు. రక్తపరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేను. పాప ఎలా ఉలిక్కిపడుతోందో నువ్వు రాసిన రోజున నాకు అనుమానం వచ్చింది.

అర్థాలు చెప్పవద్దన్నావు. ఇది అర్థం కాదు, మా ఇంట్లో జరిగింది. జయమ్మగారికి చూపించు. గోవిందప్పగారికి కూడా చూపించమని మీ పిన్ని మరీ మరీ చెప్పింది. మాకు చేనూ లేదు, మందూ లేదు.

బాబాయి


కొత్తగూడ
6 ఏప్రిల్ 2024

బాబాయికి, పిన్నికి,

ఉత్తరం వచ్చిన రోజు నేను చదవలేక హేమంత్‌కి ఇచ్చాను. అతను పైకి చదివాడు. అత్తయ్య చివరిదాకా విని, లేచి నా దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "మీ దాంట్లో అని అడిగింటి. తప్పు. మీ పిన్నమ్మ ఎంత మోసిందో పాపం" అంది. అప్పటినుంచి ఎవరి వైపు అన్న మాట మా ఇంట్లో రాలేదు. మా ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. ఇద్దరిలోనూ ఉంది. అత్తయ్య విని "సరేలే" అంది, అంతే.

హేమంత్ ఆ ఉత్తరం తీసుకుని ఆదోని వెళ్లాడు. దుకాణంలోనే కూర్చుని చదివాడట. మావయ్య రెండు మూడు ప్రశ్నలు అడిగాడు.

"వాళ్లది ఏ ఊరు?"

"తుని. ఇప్పుడు కాకినాడ."

"పత్తి వేస్తారా ఆడ?"

"వాళ్లకి సేద్యమే లేదు నాయనా. ఆయన కాలేజీలో అయ్యవారు."

"ఆ పిల్లోడు కూడా ఇట్లే ఉలికిపడుతుండెనా?"

"ఇట్లే."

మావయ్య దుకాణం షట్టరు దించి, హేమంత్‌తోనే బస్సెక్కాడు. ఇంటికొచ్చి కాళ్లు చేతులు కడుక్కుని, గది గుమ్మం దగ్గర ఆగాడు. నేను పాపకి పాలు పోస్తున్నాను. "ఇట్లియ్యమ్మా" అన్నాడు. గొట్టం ఉంది మావయ్యా, జాగ్రత్త అన్నాను. తలకింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను. ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మాట్లాడితే ఉలిక్కిపడుతుందని పెదవులు కూడా కదపలేదు. పాపకి ఇప్పుడు చూపు లేదు. చెయ్యి వెళ్లి ఆయన మీసానికి తగిలింది. అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఆయన ఇక్కడే ఉంటున్నాడు. దుకాణం తమ్ముడికి ఒప్పజెప్పాడు. పొద్దున పాపని భుజాన వేసుకుని బాల్కనీలో ఎండలో నిలబడతాడు. కింద క్యాబులు, ఆటోలు హారన్ కొట్టినప్పుడల్లా అరచేత్తో చెవి మూస్తాడు. ఈరమ్మ కూడా ఆయన్ని చూసి గిన్నెలు చప్పుడు కాకుండా దింపుతోంది.

పిన్నీ, బాలు గురించి ఇంకా చెప్పు. ఎలా ఉండేవాడు? నువ్వు చెప్తే బాబాయి రాస్తాడు. నేను కోపంగా రాసినదాన్ని మనసులో పెట్టుకోడని నాకు తెలుసు.

మీ
వాసంతి


కొత్తగూడ
23 ఫిబ్రవరి 2025

బాబాయ్, పిన్నీ,

హేమంత్ ఫోన్లో చెప్పాడు కదా. రావద్దని నేనే చెప్పమన్నాను. బాబాయి ఆరోగ్యం చూసుకుని.

ఎలా జరిగిందో రాయాలనిపిస్తోంది. మధ్యాహ్నం. నేను పక్క గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మా టీము చేసిన పరీక్షల గురించి నేనే మాట్లాడుతున్నాను. మాట్లాడుతూ తల తిప్పితే మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పాపని ఎత్తుకుని. ఎండలో తిప్పడానికి తీసుకొచ్చాడనుకున్నాను. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను. సరే అన్నట్టు తల ఊపాడు. నేను నా మాట పూర్తి చేశాను. అవతలివాళ్లు ఏదో అడిగితే దానికీ చెప్పాను. కాల్ పెట్టేసి, ఏంటి మావయ్యా అన్నాను.

"అయిపాయ తల్లీ" అన్నాడు.

పిలవలేదేం అని అడిగాను. "నువ్వు పెద్దోళ్లతో మాట్లాడ్తాంటివి" అన్నాడు. అక్కడే అలా ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. పాప చేతులు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. ఉలిక్కిపడలేదట. ఊపిరి చిన్నదై చిన్నదై ఆగిందట.

హేమంత్ వచ్చాక ఇక్కడి శ్మశానం వాళ్లకి ఫోన్ చేయబోయాడు. చిన్నపిల్లల్ని పూడ్చడానికి చోటు ఉందో లేదో కనుక్కోవాలి. మావయ్య వద్దన్నాడు. "మన చేన్లో పండుకోబెడ్తాం" అన్నాడు. హేమంత్ ఆయన మొహంలోకి చూశాడు. "ఆ మట్టిలోనా నాయనా?" అన్నాడు.

"ఆ మట్టిలోనే. దాని తప్పేం ఉంది?"

కారులో ఆదోని దాకా పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే. నేను అడిగితే ఇచ్చాడు, కాసేపు పట్టుకుని మళ్లీ ఆయనకే ఇచ్చాను. దారిలో టీకి ఆపితే అందరం దిగాం. ఆయన దిగలేదు. నా చేతులు ఆ కాసేపట్లోనే నొప్పెట్టాయి.

చేను దగ్గర ఊళ్లో పెద్దవాళ్లు తల్లి రాకూడదన్నారు. నేను గట్టు మీదే ఆగిపోయాను. మావయ్య వెనక్కి తిరిగి "రానీండప్పా" అన్నాడు. నేను వెళ్లాను. పత్తి ఏరేసి ఉంది, మోళ్లు ఉన్నాయి. ఆయనే తవ్వాడు. ఆయనే దించాడు. నేను చూశాను బాబాయ్. ఎక్కడ ఉందో నాకు తెలుసు. అదొక్కటీ ఉంది నాకు.

నిన్న హైదరాబాద్ వచ్చాం. తలుపులకి కట్టిన తువ్వాళ్లు విప్పుదామని ఈరమ్మ అడిగింది. ఇప్పుడే వద్దన్నాను.

వాసంతి


కాకినాడ
16 మార్చి 2025

అమ్మా వాసంతీ,

నీ ఉత్తరం నేను చదివి మీ పిన్నికి ఇచ్చాను. చదివాక రెండు రోజులు తన పని తను చేసుకుంది. మూడో రోజు కాఫీ ఇస్తూ "బాలుని ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అప్పుడు తనని ఇంట్లోనే ఉంచేశారు. నేనూ, మీ నాన్నా, ఇంకో ఇద్దరూ వెళ్లాం. తునిలో తాండవ నది ఒడ్డు అని రాసి చూపించాను. "తీసుకెళ్లండి" అంది. ఎండలు ముదురుతున్నాయి, తర్వాత వెళ్దామని రాశాను. ఆ కాగితం వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టి, చీర మార్చుకోవడానికి వెళ్లింది.

బస్సులో వెళ్లాం. ఆ ఒడ్డు నేను ఎరిగినట్టు లేదు. గట్టు కట్టారు, మీదుగా తారురోడ్డు వేశారు. చెట్లు కొట్టేశారు. కొంతదూరం నడిచి, ఏటివైపు దిగి, ఇసుక, ముళ్లకంప ఉన్న చోట నిలబడ్డాను. ఇక్కడేనా అని అడిగింది. కొంచెం ఇటూ అటూగా ఇక్కడే అని చేత్తో గుండ్రంగా చూపించాను. ఖచ్చితంగా ఏ చోటో నాకు తెలియదని ఆవిడకి అర్థమైంది. చెప్పులు విప్పి, నేను చూపించినంత మేరా మెల్లగా నడిచింది. ఒకచోట కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. "నేను నూతి దగ్గర పడినందుకు కాదు నాన్నా" అంది, నాతో కాదు.

నేను కొంచెం దూరంగా వెళ్లి నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో బల్ల మీద ఒకావిడ మీ పిన్ని పక్కన కూర్చుంది. మనవడి పుట్టువెంట్రుకలకి వెళ్తున్నారట, సంచులు చాలా ఉన్నాయి. చోటు సర్దుకుని, మంచినీళ్లు తాగి, మాటల్లో పడింది. ఏ ఊరు, ఎక్కడికి వెళ్లొస్తున్నారు అని అడిగి, "పిల్లలెంతమందండీ?" అంది.

ఈ ప్రశ్న మా పెళ్లయిన కొన్నేళ్ల నుంచి ఎక్కడికి వెళ్లినా వస్తుంది. మీ పిన్ని లేరండీ అని చెప్పి వేరే మాటలోకి వెళ్లిపోతుంది. అలవాటు కొద్దీ నేను అవతలికి చూస్తున్నాను.

"ఒక అబ్బాయండి" అంది మీ పిన్ని. "బాలు. రెండేళ్లు ఉన్నాడు."

బాబాయి